బూడిదలో పోసిన గడువులు

2024 నవంబరులో కడప జిల్లాలో బూడిద కోసం కొట్లాట మొదలైంది. రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం వదిలే బూడిదను తాడిపత్రి వైపు సిమెంటు ఫ్యాక్టరీకి ఎవరి లారీలు మోయాలన్నది తగువు. ఇటు జమ్మలమడుగు నాయకుడు, అటు తాడిపత్రి నాయకుడు. ఇద్దరూ ఒకే కూటమి మనుషులు. లారీలు ఆగిపోయాయి, పోలీసులు దిగారు, చివరకు ముఖ్యమంత్రే కలగజేసుకోవలసి వచ్చింది. పాతికేళ్ళ కిందట ఇదే బూడిదను ఊరికే ఇస్తాం, పట్టుకుపొండి అని చట్టం చెప్పినా తీసుకుపోయే నాథుడు లేడు. ఇవాళ దానికోసం రోడ్డు మీద బలప్రదర్శన. దిబ్బలో పడేసే సరుకుకు విలువ ఉందని మొదట కనిపెట్టింది మన రాజకీయ నాయకులేనని ఒప్పుకోవాలి. ఆ విలువ ఎంత, అందులో ఏముంది, అది ఎవరికి దక్కాలి అని అడగవలసిన ప్రభుత్వాలు మాత్రం ఇప్పటికీ దాన్ని లారీ ట్రిప్పుల్లోనే కొలుస్తున్నాయి.

ఆ విద్యుత్ కేంద్రం ఉన్నది కలమళ్ళ దగ్గర. తెలుగులో మనకు దొరికిన తొలి శాసనం ఆ ఊరిదే. సా.శ. 575 ప్రాంతంలో రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి పేర రాతి మీద చెక్కింది. పద్నాలుగు వందల ఏళ్ళు దాటినా అందులో మిగిలిన అక్షరాలు చదివి పండితులు అర్థం చెబుతూనే ఉన్నారు. అదే నేలకు వర్తించే ఇంకో శాసనం కూడా ఉంది. 1999 సెప్టెంబరు 14న కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఇచ్చిన ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) నోటిఫికేషన్. దాన్ని ఎన్నిసార్లు చెరిపి రాశారంటే, మొదట ఏం రాశారో చదవడానికి ఇప్పుడు పండితులే కావాలి.

మొదట రాసింది మంచి మాటే. ఇటుకల కోసం పొలాల పైమట్టిని తవ్వుకుపోతున్నారు. ఇంకోపక్క బొగ్గు బూడిద గుట్టలు పడుతోంది. బట్టీవాళ్ళు బూడిద కలిపితే ఒక్క దెబ్బకు రెండు పిట్టలు. విద్యుత్ కేంద్రం చుట్టూ 50 కిలోమీటర్ల లోపు వాళ్ళు బూడిద వాడాలన్నారు. 2003లో ఆ గీత 100 కిలోమీటర్లకు జరిగింది, 2016లో 300కు. గీత జరిగినట్టే గడువూ జరిగింది. పాత కేంద్రాలు తమ బూడిదంతా వాడకంలోకి తేవడానికి 1999లో ఇచ్చిన వ్యవధి పదిహేనేళ్ళు, అంటే 2014. 2009లో మళ్ళీ రాసి ఐదేళ్ళు అన్నారు. లెక్క వేస్తే అదీ 2014కే వస్తుంది. 2014 వచ్చింది, వెళ్ళింది. 2016 జనవరిలో, కాదు 2017 డిసెంబరు 31 అన్నారు. అదీ వెళ్ళింది. 2021 డిసెంబరు 31న, దేశమంతా కొత్త సంవత్సరం కేకులు కోసే వేళ, మరో నోటిఫికేషన్ వెలువడింది. ఈసారి గడువును ఇంకో తేదీకి జరపలేదు. దాన్ని చక్రంగా మార్చేశారు.

మూడేళ్ళకొక చక్రం. ఒక్కో చక్రంలో నూటికి నూరుపాళ్ళు వాడాలి. అయితే నూటికి 80 పాళ్ళకు మించి వాడుతున్న కేంద్రానికి మొదటి చక్రం మూడేళ్ళు, 60 నుంచి 80 మధ్య ఉంటే నాలుగేళ్ళు, 60 కంటే తక్కువైతే ఐదేళ్ళు. బడిలో ఎవడు తక్కువ చదివితే వాడికి పరీక్ష అంత ఆలస్యంగా పెట్టడం లాంటిది ఇది. వాడకుండా మిగిల్చిన ప్రతి టన్నుకూ వెయ్యి రూపాయల పరిహారం అనే మాట మొదటిసారి వచ్చింది; అది నిజంగా మెచ్చుకోవలసిన మాటే. కానీ ప్రభుత్వ రంగ కేంద్రం ప్రభుత్వానికి కట్టే జరిమానా ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో పెట్టుకోవడమని అందరికీ తెలుసు. చక్రీయ ఆర్థిక వ్యవస్థ అని ఢిల్లీలో ఇప్పుడు ప్రతి ఉపన్యాసంలోనూ వినపడుతోంది. వాడిన వస్తువు మళ్ళీ వాడకంలోకి తిరిగి రావడం దాని అర్థం. మన దగ్గర తిరిగి తిరిగి వచ్చింది గడువొక్కటే.

ప్రభుత్వం దగ్గర దీనికి జవాబుంది, అది అంకెల రూపంలో ఉంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్క ప్రకారం 1996–97లో దేశంలో 6.89 కోట్ల టన్నుల బూడిద పుడితే వాడింది నూటికి 10 పాళ్ళు కూడా లేదు. 2021–22లో 27 కోట్ల టన్నులు పుడితే నూటికి 96 పాళ్ళు వాడేశాం. చూడటానికి ఘనవిజయం. ఇందులో సిమెంటు కంపెనీల పాత్ర నిజమైనదే. మీ ఇంటికి వచ్చే సిమెంటు బస్తా మీద పి.పి.సి. అని ఉంటే అందులో 15 నుంచి 35 శాతం దాకా బూడిద ఉండొచ్చు. కాల్చి తయారు చెయ్యాల్సిన క్లింకరు ఆ మేరకు తగ్గుతుంది, సున్నపురాయి మిగులుతుంది, బొగ్గు మిగులుతుంది. అయితే సిమెంటుకు పోయేది నాలుగో వంతుకు అటూ ఇటూ మాత్రమే. తక్కినదానిలో ఇటుకలున్నాయి, రోడ్లున్నాయి. వాటితో పాటు 'పల్లపు ప్రాంతాల పూడిక' అని ఒక పద్దు ఉంది, 'ఖాళీ గనుల పూడిక' అని ఇంకొకటి ఉంది, బూడిద చెరువు గట్టు ఎత్తు పెంచడానికి అదే బూడిద వాడటం మరొకటి. ఒక గుంటలోంచి తీసి ఇంకో గుంటలో పోస్తే కాగితం మీద అది వినియోగం. మూసేసిన గనులను బూడిదతో నింపడం కొన్నిచోట్ల అవసరమే కావచ్చు, కాదనం. కానీ ఆర్సెనిక్, సీసం, క్రోమియం జాడలున్న పదార్థాన్ని ఊరి పక్క పల్లంలో పోసి, పైన మట్టి కప్పి, దాన్ని సిమెంటులో కలిపినదానితో ఒకే వరుసలో కూడితే వచ్చే 96ను ఏ మాస్టారైనా ఉత్తీర్ణత అంటారా? ఇంట్లో చెత్త ఊడ్చి చాప కింద తోసిన కోడలిని మెచ్చుకునే అత్త ఏ ఊళ్ళోనూ లేదు.

ఈ 96లో పాత బాకీ కూడా కలవదు. ఏటా మిగిలిపోతూ వచ్చిన బూడిద దేశమంతటా చెరువుల్లో పేరుకుపోయి 160 కోట్ల టన్నులు దాటిందని 2020 నాటి అంచనాలు చెప్పాయి. దాన్ని ఖాళీ చెయ్యడానికి 2021 నోటిఫికేషన్ పదేళ్ళు ఇచ్చింది. వెంటనే ఒక దొడ్డిదారీ పెట్టింది: చెరువు స్థిరపడి, మీద మొక్కలు నాటి పచ్చగా చేసినట్టు ధ్రువీకరిస్తే ఖాళీ చెయ్యనక్కర్లేదు. విషం మీద పచ్చగడ్డి మొలిపిస్తే బాకీ రద్దు.

చెరువు అన్న మాటే మోసం. చెరువంటే మనకు కలువపూలూ తూమూ ఆయకట్టూ గుర్తొస్తాయి. ఇది గట్టు కట్టి నిలబెట్టిన బూడిద బురద. ఆ గట్టు తెగితే ఏమవుతుందో మధ్యప్రదేశ్‌లోని సింగ్రౌలి ప్రాంతానికి తెలుసు. 2019 ఆగస్టు నుంచి 2020 ఏప్రిల్ వరకు, ఏడాది తిరక్కముందే మూడుసార్లు తెగింది. మూడోసారి, లాక్‌డౌన్‌లో జనమంతా ఇళ్ళలో ఉన్న 2020 ఏప్రిల్ 10న, సాసన్ కేంద్రం గట్టు తెగి ఆరుగురు కొట్టుకుపోయి చనిపోయారు. వాళ్ళలో పిల్లలున్నారు. గట్టు తెగకపోయినా ఎండాకాలం గాలికి బూడిద లేస్తుంది. బొగ్గు విద్యుత్ కేంద్రాల నీడలో ఉన్న ఇబ్రహీంపట్నంలో, దాని పక్కనే బొమ్మలకు పేరుపడ్డ కొండపల్లిలో, పరవాడలో, పాల్వంచలో ఉతికి ఆరేసిన బట్ట సాయంత్రానికి ఏ రంగులో ఉంటుందో అక్కడి ఇల్లాళ్ళను అడగాలి. మన బొగ్గులో నూటికి 30 నుంచి 45 పాళ్ళు బూడిదే. అంటే మూడు లారీల బొగ్గు కాలిస్తే ఒక లారీ మళ్ళీ మన నెత్తినే పడుతుంది.

ఈలోగా ఆ బూడిదకు గిరాకీ పెరిగింది. గిరాకీ ఉందని తెలియగానే ప్రభుత్వం ఏం చేసింది? చిన్న ఇటుకల యూనిట్లకు పొడి బూడిదలో ఐదో వంతు ఉచితంగా ఇవ్వాలని 2009లో రాసుకున్న మాటను పక్కనపెట్టి, 2021 సెప్టెంబరులోనూ 2022 ఫిబ్రవరిలోనూ విద్యుత్ మంత్రిత్వ శాఖ సలహాలిచ్చింది: వేలం వెయ్యండి, మిగిలిపోతే అప్పుడు ఉచితంగా ఇవ్వండి. పారదర్శకత పేరు బాగుంది. కానీ వేలంలో సిమెంటు కంపెనీతో పోటీపడే ఇటుకలవాడెవడు? నలుగురు కూలీలు, ఒక ప్రెస్సు మిషను, నెలకొకసారి వచ్చే జీతాల దిగులు, ఇదీ వాడి ఫ్యాక్టరీ. వాడికి బల్కరు లారీ నిండా పొడి బూడిద దొరకదు. చెరువులో తడిసిన బూడిద దొరుకుతుంది, అదీ టిప్పరువాళ్ళు చెప్పిన రేటుకి. పైమట్టిని కాపాడటానికి పుట్టిన చట్టం కింద బూడిద ఇటుకలవాడు బక్కచిక్కిపోతుంటే, మట్టి ఇటుకల బట్టీ మాత్రం పొలం పక్కన మండుతూనే ఉంది.

ఇంతవరకూ చెప్పింది బూడిదను బూడిదగా వాడటం గురించి. అసలు నేరం దాని లోపల ఉంది.

మన ఊళ్ళలో జలగడుగువాళ్ళని ఉండేవారు. కంసాలి కొట్టు ముందు కాలువలో మట్టి, కొట్టు లోపలి ఊడ్పు దుమ్ము పోగుచేసి, నీళ్ళలో జల్లించి, రజను బంగారం తీసుకునేవారు. కొందరు ఆ దుమ్ముకు ముందే డబ్బు కట్టి కొనుక్కునేవారు. ఏ వీధి మట్టిలో పసిడి ఎక్కువో, ఏ కంసాలి చెయ్యి దుబారాదో వాళ్ళకు బాగా తెలుసు. పండగకు ముందు నెల మట్టి, మూఢంలో మట్టి ఒకటి కాదనీ తెలుసు. బడి మొహం చూడని ఆ మనిషికి ఉన్న జ్ఞానంలో వీసమెత్తు కూడా మన ఖనిజ శాఖకు తన గుట్టల గురించి లేదు. రాయలసీమ కేంద్రం చెరువులో, ఇబ్రహీంపట్నం చెరువులో, రామగుండం చెరువులో ఏ లోహం ఎంత పాళ్ళలో ఉందో వెతకబోయే పౌరుడికి దొరికేవి టన్నుల లెక్కలే.

ఏముండవచ్చు? బూడిదలో సగానికి పైగా సిలికా. నూటికి 20 నుంచి 30 పాళ్ళు అల్యూమినా. కొంత ఇనుము. అతి తేలికైన బోలు గోళాలు కొన్ని, చెరువు మీద నురగలా తేలేవి; పెయింట్లకూ తేలికపాటి మిశ్రమాలకూ మంచి ధర పలుకుతాయి. వీటన్నిటి మధ్య రేర్ ఎర్త్ లోహాలు, గాలియం, జర్మేనియం లాంటివి చిటికెడు. చిటికెడు అని ఊరికే అనడం లేదు: టన్ను బూడిదకు రేర్ ఎర్త్‌లన్నీ కలిపినా కొన్ని వందల గ్రాములు. అవి గాజులా గడ్డకట్టిన రేణువుల్లో చిక్కుకుని ఉంటాయి. విడదీయాలంటే ఆమ్లం కావాలి, కరెంటు కావాలి, తీశాక మిగిలే ద్రవం ఇంకో వ్యర్థం. కాబట్టి బూడిద గుట్టంతా బంగారు కొండ అని చెప్పేవాణ్ణి నమ్మక్కర్లేదు. ఇన్నర్ మంగోలియాలో చైనా కంపెనీ బూడిద నుంచి అల్యూమినా తీసిందంటే అక్కడి బూడిదలో సగం దాకా అల్యూమినానే. ప్రతి బొగ్గు పొర ఒకలా ఉండదు, ప్రతి గుట్టా పనికిరాదు. సరిగ్గా అందుకే ముందు పరీక్షించాలి అంటున్నాం. సన్నటి రేణువుల్లో ఈ అరుదైన లోహాలు ఎక్కువగా చేరతాయి. పొగను వడగట్టే ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్లో చివరి గదుల్లో పడేది ఆ సన్నటి బూడిదే. దాన్ని విడిగా పట్టుకుంటే విలువ. ముతక బూడిదతో కలిపి నీళ్ళు పోసి గొట్టంలో చెరువుకు తోసేస్తే బురద. మన కేంద్రాలు దశాబ్దాలుగా చేసింది రెండోది. జలగడుగువాడు బంగారం కొట్టు మట్టినీ కుండల కొట్టు మట్టినీ ఒకే తట్టలో వేసుకుంటాడా?

బూడిద ఒక్కటే కాదు. అరకు అవతల ఒడిశా కోరాపుట్ జిల్లా దమన్‌జోడిలో ప్రభుత్వ రంగ నాల్కో అల్యూమినా శుద్ధి కర్మాగారం 1980ల నుంచి నడుస్తోంది. అక్కడి అల్యూమినా విశాఖ రేవు నుంచే ఓడ ఎక్కుతుంది. ఏ శుద్ధి కర్మాగారంలోనైనా టన్ను అల్యూమినా తీస్తే టన్ను నుంచి టన్నున్నర ఎర్ర బురద మిగులుతుంది. ఒళ్ళు కాల్చే కాస్టిక్ క్షారం, ఇనుము మూడో వంతు నుంచి సగం దాకా ఆక్సైడు రూపంలో, టైటానియం, కొద్దిగా స్కాండియం. బాక్సైట్‌లోని గాలియంలో ఎక్కువ భాగం శుద్ధి ద్రావణంలోకి, మిగిలింది ఈ బురదలోకి పోతుంది. చిప్పులకూ రాడార్లకూ అవసరమైన గాలియం ప్రపంచంలో దాదాపు అంతా చైనాలోనే తయారవుతుంది. 2023 ఆగస్టు 1 నుంచి లైసెన్సు లేనిదే బయటికి పంపనని చైనా అన్నప్పుడు మన దగ్గర ఎంత హడావుడి జరిగిందో గుర్తుందిగా! దేశంలో అల్యూమినా శుద్ధి చేసిన ప్రతి ఏడూ గాలియం మన చేతులమీదుగా పోతూనే ఉంది.

ఎర్ర బురద ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? 2010 అక్టోబరు 4న హంగరీలోని అయ్‌కాలో గట్టు తెగి పదిమంది చనిపోయారు, ఆ బురద డాన్యూబ్ నది దాకా వెళ్ళింది. 2019 ఏప్రిల్ 9న ఝార్ఖండ్‌లోని మూరిలో హిందాల్కో ఎర్ర బురద గుట్ట కూలింది. ఆ తర్వాత 2021లో హిందాల్కో ఏటా 12 లక్షల టన్నుల బురదను అల్ట్రాటెక్ సిమెంటు కర్మాగారాలకు పంపే ఒప్పందం చేసుకుంది. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఒకే బిర్లా కుటుంబ సంస్థలు కావడం వల్ల పని తేలికైంది. అయితేనేం, చెయ్యొచ్చని తేలింది. సంస్థ దాటి సంస్థకు సరుకు కదలాలంటే కుటుంబ బంధుత్వం ఉండాలన్నది మాత్రం విధానం కాకూడదు.

ఇక డబ్బు సంగతి. 2025 జనవరిలో కేంద్ర మంత్రివర్గం కీలక ఖనిజాల జాతీయ మిషన్‌కు 16,300 కోట్ల రూపాయలు ప్రకటించింది. అందులో గని మట్టి దిబ్బలు, శుద్ధి వ్యర్థాలు, బూడిద, ఎర్ర బురద వీటన్నిటి నుంచి లోహాలు తీసే ప్రయోగాలకు కేటాయించింది 100 కోట్లు. లెక్క వేయండి: రూపాయిలో ఒక్క పైసా కూడా కాదు. అదే ఏడాది సెప్టెంబరులో రీసైక్లింగ్ ప్రోత్సాహానికి 1,500 కోట్ల పథకం వచ్చింది. అది ప్రధానంగా ఎలక్ట్రానిక్ చెత్తకు, లిథియం బ్యాటరీ తుక్కుకు, పాత వాహనాల కాటలిటిక్ కన్వర్టర్ల లాంటి తుక్కుకు. పథకం మంచిదే. కానీ చేతిలో పట్టే ఫోనుకు పదిహేను వందల కోట్లు, కొండంత గుట్టకు వంద కోట్లు! 2024 జనవరిలో అర్జెంటీనాలోని కాటమార్కాలో 15,703 హెక్టార్లలో లిథియం వెతకడానికి మన ప్రభుత్వ సంస్థ కాబిల్ ఒప్పందం చేసుకుంది. దాని ఖర్చు సుమారు 200 కోట్లు. సముద్రాలు దాటి నేలలోపల వెతకడానికి ఉన్న ఓపికలో సగం పెరటి గుట్టను పరీక్షించడానికి లేదు.

పెరటి గుట్ట అంటే గుర్తొచ్చేది కోలార్ బంగారు గని. చిత్తూరు సరిహద్దు అవతల, తమిళంతో పాటు తెలుగూ వినిపించే ఊరది. 2001 ఫిబ్రవరి 28న గని మూసేసినా సైనైడ్ దిబ్బలు అక్కడే ఉన్నాయి. 1,003 ఎకరాల్లో 13 దిబ్బలు, 3.3 కోట్ల టన్నులు. టన్నుకు గ్రాము కంటే తక్కువే అయినా బంగారం అందులో ఉంది. ఆ దిబ్బలను మళ్ళీ తవ్వడానికి కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకున్నది 2024 జూన్‌లో. మధ్యలో ఇరవైమూడేళ్ళు. ఆ ఇరవైమూడేళ్ళూ గాలి వీచినప్పుడల్లా ఆ దుమ్ము పీల్చినవాళ్ళు ఆ బంగారాన్ని తవ్వినవాళ్ళ పిల్లలే.

ఈ పరీక్షల ఖర్చు ఎవరు పెట్టుకుంటారని రాష్ట్ర విద్యుదుత్పత్తి సంస్థలైన జెన్‌కోల అధికారులు అడుగుతారు. కరెంటు బాకీలు వసూలు కాని సంస్థలకు ప్రయోగశాల ఎక్కడిదని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. హైదరాబాదులో ఫెర్రస్ కాని లోహాల సాంకేతిక కేంద్రం ఉంది. ఎలక్ట్రానిక్ చెత్త నుంచి లోహాలు తీసే పని సి-మెట్ అనే పరిశోధన సంస్థ ఆ ఊళ్ళోనే చేస్తోంది. నాగ్‌పూర్‌లో అల్యూమినియం పరిశోధన సంస్థ ఉంది. ఒక్కో చెరువు నుంచి నమూనాలు తీసి పరీక్షించడానికి అయ్యే ఖర్చు ఆ చెరువు గట్టు మరమ్మతు బిల్లుతో పోలిస్తే ఎంత? రాష్ట్ర ప్రభుత్వాలు ఢిల్లీ కోసం ఎదురుచూడక్కర్లేదు. జెన్‌కోలు తమవే, బూడిద తమదే, దాని మీద కొట్టుకుంటున్న మనుషులూ తమవాళ్ళే. సన్నటి బూడిదను విడిగా పట్టుకోమని ఆదేశించడానికి, ఇటుకల యూనిట్లకు వాటా తేల్చడానికి, ఏ లారీ ఎవరిదో ఎంత మోసిందో వెబ్‌సైటులో పెట్టడానికి కేంద్ర నోటిఫికేషన్ అడ్డం రాదు. అడ్డం వచ్చేది ఎవరో 2024 నవంబరులో రోడ్డు మీదే చూశాం.

ప్రతి బూడిద చెరువు గేటు ముందూ ఒక బోర్డు పెట్టాలని మేం అడుగుతున్నాం. లోపల ఎన్ని టన్నులుంది, అందులో ఏ లోహం ఎంత, ఈ ఏడు ఎంత బయటికి పోయింది, పోయినదానిలో సిమెంటుకూ ఇటుకకూ ఎంత, గుంటలో పోసింది ఎంత, కట్టిన పరిహారం ఎంత, పూర్తిగా ఖాళీ అయ్యే తేదీ ఏది. మిగతావి ఏటా మారతాయి కాబట్టి సుద్దముక్కతో రాసుకోండి. ఆ చివరి తేదీ మాత్రం రాతి మీద చెక్కించండి. కలమళ్ళలో ఆ పని ఎలా చెయ్యాలో పద్నాలుగు వందల ఏళ్ళ కిందటే తెలుసు.